దసలికి దక్కని పేరు

పట్టు అనగానే మనకు కంచి, ధర్మవరం, గద్వాల, పోచంపల్లి గుర్తుకొస్తాయి. ఆ చీరల వెనక ఒక పురుగు ఉందన్న సంగతి ఎప్పుడైనా తలపుకొచ్చినా, కళ్ల ముందు మెదిలేది మల్బరీ ఆకు తినే తెల్లటి పురుగే. బడిలో పట్టు పాఠానికి వేసే బొమ్మ కూడా దానిదే. ఆ పురుగు మీద నాకు కోపం లేదు. వేల ఏళ్ల కిందట చైనాలో మనిషి చేతికి చిక్కి, తరతరాలు తట్టల్లోనే బతికి, చివరికి రెక్కలుండీ ఎగరలేని స్థితికి వచ్చిన జీవి అది. నా బాధంతా మరొక పురుగు గురించి. అది మన అడవిలో పుడుతుంది. మన మద్దిచెట్టు ఆకు తింటుంది. మన ఎండలో ఎండి, మన వానలో తడిసి, నెత్తిన కప్పు లేకుండా చెట్టు మీదే బతికి పట్టు ఇస్తుంది. దాని పేరు దసలి. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఆంథీరియా మైలిటా. ఇంత గొప్ప జీవి మన మధ్యే ఉంటే, తెలుగునాట చాలామందికి అది ఎలా ఉంటుందో తెలియదు. తెలియకపోవడం ఒక ఎత్తు, తెలుసుకోవాలని ఎవరికీ అనిపించకపోవడం ఇంకో ఎత్తు. నన్ను బాధించేది ఆ రెండోదే.

ముందు అది ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. రెక్కలు విప్పితే ఆ చివరి నుంచి ఈ చివరికి పదిహేను సెంటీమీటర్లకు తగ్గదు. ఆడది పద్ధెనిమిది దాకా కూడా ఉంటుంది. మన అరచేతిని పూర్తిగా కప్పేసి ఇంకా మిగులుతుంది. మగదాని రంగు ఇటుక ఎరుపు, ఒక్కోసారి గోధుమ రంగు. ముందు రెక్కల కొనలు కొక్కెంలా కాస్త వంగి ఉంటాయి. ఆడది పసుపుపచ్చగానో బూడిద రంగుగానో ఉంటుంది. పొట్ట నిండా గుడ్లు మోస్తూ నిదానంగా కదులుతుంది. ముందు రెక్క పై అంచు వెంబడి బూడిద రంగు పట్టీ, రెక్కల వెలుపలి అంచుకు కాస్త లోపలగా ఒక ముదురు గీత కనిపిస్తాయి. నాలుగు రెక్కల మీదా నాలుగు కళ్లుంటాయి. ఇవి రంగుతో దిద్దిన చుక్కలు కావు, నిజంగానే చిన్న కిటికీలు. మిగతా రెక్కంతా కప్పే పొలుసులు ఆ గుండ్రటి చోట ఉండవు. వెలుతురు అవతలి నుంచి ఇవతలికి వస్తుంది. ఆ పారదర్శకమైన అద్దం చుట్టూ పసుపు, ఎరుపు, నలుపు, తెలుపు వలయాలు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. రెక్కను దీపానికి అడ్డం పెట్టి చూసినవాళ్లు ఆ నాలుగు కిటికీలను జన్మలో మరిచిపోలేరు.

మగదాని తల మీది మీసాలు ఈకల్లా వెడల్పుగా, రెండు వైపులా దువ్వెన పళ్లు వేసుకుని ఉంటాయి. అలంకారం కోసం వచ్చినవి కావవి. చీకటిలో ఎక్కడో దూరాన కొమ్మకు వేలాడుతూ ఆడది గాలిలోకి వదిలే వాసనను పట్టేది వాటితోనే. ఆ వాసన అంచు తగిలితే చాలు, మగది గాలికి ఎదురు ఎగురుతూ ఆమె ఉన్న కొమ్మను వెతుక్కుంటూ వస్తుంది. అందుకే పెంచేవాళ్లు వెనకటి రోజుల్లో ఆడ పురుగును చెట్టు మీద ఉంచి అడవిలోని మగవాటి కోసం ఎదురుచూసేవాళ్లు. రాత్రంతా వాటి వ్యవహారం. తెల్లారితే ఆకుల మధ్య ఆకులా ఒదిగిపోతాయి.

ఇంకో సంగతి. రెక్కలొచ్చిన దసలి ఏమీ తినదు, తాగదు. తినడానికి పనికొచ్చే నోరే దానికి లేదు. వారం, మహా అయితే పది రోజులు బతుకుతుంది. ఆ కొద్ది రోజులూ పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకు బలంతోనే ఎగరాలి, జతకట్టాలి, నూట యాభై నుంచి రెండు వందల యాభై దాకా గుడ్లు పెట్టాలి. గుడ్డు కాస్త నొక్కినట్టు బల్లపరుపుగా, నడుమున గోధుమ రంగు గీతలతో ఉంటుంది. ఇంత పని అంత తక్కువ కాలంలో, ఒక్క చుక్క నీళ్లయినా ముట్టకుండా చేసే జీవిని మనం ఏమని పిలుస్తున్నాం? వానాకాలం రాత్రి ఏ బస్టాండు దీపం కిందో, రైల్వే స్టేషను గోడ మీదో వాలితే, నలుగురు గుమిగూడి ఫోన్లో ఫొటో తీసుకుని, ‘వింత సీతాకోకచిలుక’ అని వాట్సాప్‌లో పంపి వెళ్లిపోతున్నాం. దాని కంటే పెద్దదైన అట్లాస్ పురుగు కనిపిస్తే పత్రికలు ఫొటో వేస్తాయి, పరిమాణం రాస్తాయి. అట్లాస్ పెద్దది నిజమే, దాని ఘనత దానిది. దసలికి మాత్రం ఆపాటి పలకరింపు కూడా దక్కదు. మర్నాడు ఉదయం ఊడ్చేవాళ్ల చీపురు కింద దాని రెక్కలు చిరిగిపోతాయి. అది విదేశీ వింత కాదని, తరాలుగా మన ఒంటి మీద బట్టయి ఉన్నదని ఆ గుంపులో ఒక్కరైనా చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేది!

రెక్కలు రాకముందు బతుకు ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. గుడ్డులోంచి బయటికి వచ్చిన పురుగు బరువు పది మిల్లీగ్రాములు మించదు. నాలుగుసార్లు చర్మం విడిచి, ఐదు దశలు దాటి, నలభై యాభై గ్రాముల బరువుకు చేరుతుంది. అంటే నెలా నెలన్నరలో తన బరువును వేల రెట్లు పెంచుకుంటుంది. చలి రోజులైతే ఇంకొంచెం ఎక్కువ కాలం పడుతుంది. ఎదిగిన పురుగు వేలెడు మందాన, లేత మద్ది ఆకు ఆకుపచ్చలో కలిసిపోయి ఉంటుంది. ఒంటి మీద వంగపండు రంగు బుడిపెలు, వాటికి సన్నటి వెంట్రుకలు, పక్కల్లో వెండిలా మెరిసే చుక్కలు. ఎండ పడితే ఆ చుక్కలు ఆకు మీది నీటిబొట్లలా తళుక్కుమంటాయి. అడవిలో పసుపు, నీలం, తెలుపు రంగు పురుగులు కూడా అరుదుగా కనిపిస్తాయి. ఏదైనా తగిలితే తల వెనక్కి లాక్కుని ముందుభాగం పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. అప్పుడది పురుగని చెప్పడానికి బాగా తెలిసిన కన్ను కావాలి.

ఇక దాని కట్టుబడి. పట్టుకాయ కట్టే ముందు దసలి కడుపు ఖాళీ చేసుకుంటుంది. నాలుగు ఆకులు దగ్గరికి లాక్కుంటుంది. తర్వాత చేసే పనిని చూసి నేర్చుకోవాలి. ముందు కొమ్మ చుట్టూ పట్టు దారంతో ఒక ఉంగరం పేనుతుంది. ఆ ఉంగరం నుంచి కిందికి గట్టి కాడ దించుతుంది. ఆ కాడకు కాయ అల్లుతుంది. ఆకు రాలినా కాయ రాలదు, ఎందుకంటే అది ఆకును పట్టుకుని లేదు, కొమ్మను పట్టుకుని ఉంది. లోపల తెల్లటి ద్రవం వదిలి గోడలను గట్టిపరుస్తుంది. ఆరాక ఆ కాయ ఎంత గట్టిగా ఉంటుందంటే, పాత రోజుల్లో దాన్ని సన్నటి పట్టీగా చుట్టూ కోసి, నాటు తుపాకీ గొట్టాన్ని కొయ్యకు బిగించే తాడుగా వాడేవాళ్లు. తుపాకీ పేలుడుకు తట్టుకున్న పట్టు ఇది!

ఆ కాయలో ముడుచుకున్న జీవి నిద్రపోతుంది. ఆరోజుల్లో అడవిని చూడండి. సంక్రాంతి దాటాక మద్ది ఆకులు రాలిపోతాయి. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల ఎండ ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు, నలభై ఐదు డిగ్రీలు అక్కడ మామూలు మాట. ఆకు లేని కొమ్మకు, నీడ లేని ఎండలో, వడగాలికి ఊగుతూ ఆ కాయ వేలాడుతూనే ఉంటుంది. లోపలి జీవి చావదు. తొలకరి తేమ తగిలాకే మేల్కొంటుంది. మేల్కొన్నాక కాయను పళ్లతో కొరకదు, పళ్లు లేవు కదా. నోటి నుంచి ఒక రసం వదిలి కొన దగ్గర పట్టును కరిగించి, దారాలను పక్కకు తోసుకుని తడి రెక్కలతో బయటికి వస్తుంది. దసలికి దాయాదులైన ఆంథీరియా పురుగుల్లో ఆ రసం ఎలా పనిచేస్తుందో కఫాటోస్, విలియమ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1964లో ప్రపంచానికి వివరించారు. దానికి కొకొనేజ్ అని పేరు. ప్రయోగశాలల్లో ఇంత గౌరవం ఉన్న జీవికి సొంత గడ్డ మీద ఈ గతి ఏమిటి?

ఇది ఎక్కడెక్కడ బతుకుతుందో చెబితే కొందరికైనా ఇది మనదే అన్న సంగతి తడుతుందేమో. దసలిలో రెండు వర్గాలు. హిమాలయాల చల్లటి కొండల్లో, మణిపూర్‌లో ఓక్ చెట్ల మీద బతికేది ఒకటి. మనది ఉష్ణమండల దసలి, వేడి అడవుల బిడ్డ. దాని అసలు ఇల్లు మధ్య భారతం. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి, సింగ్‌భూమ్ అడవులు, ఒడిశాలో మయూర్‌భంజ్, ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్, మహారాష్ట్రలో భండారా, గడ్చిరోలి. అక్కడి నుంచి ప్రాణహిత దాటితే మన మంచిర్యాల, ఆసిఫాబాద్. గోదావరి వెంట కిందికి వస్తే భూపాలపల్లి, ములుగు, ఖమ్మం వైపు అడవులు. అటు తూర్పు కనుమల్లోనూ ఉంది. ఉత్తరాన బిహార్, బెంగాల్ దాకా విస్తరించింది. ఇంత విశాలమైన నేలంతా తిరిగే పురుగు ఒకే రూపంలో ఎలా ఉంటుంది? చోటును బట్టి, చెట్టును బట్టి, వానను బట్టి రకరకాలుగా మారింది. అలాంటి స్థానిక రకాలు నలభై నాలుగు దాకా ఉన్నాయని పరిశోధకుల లెక్క. సింగ్‌భూమ్‌లో దాబా, ఒడిశాలో సుకిందా, సిమిలిపాల్ కొండల్లో పెద్ద పెద్ద కాయలు కట్టే మోదల్, బస్తర్ సాల అడవుల్లో రైలీ, మహారాష్ట్రలో భండారా. రైలీ అయితే మనిషి పెంపకానికి లొంగనే లొంగదు. ఆదివాసీలు అడవిలో ఏరుకొచ్చి వారపు సంతలో అమ్ముతారు. ఏడాదికి ఒక తరమే చూసే రకాలున్నాయి, రెండు మూడు తరాలు చూసేవీ ఉన్నాయి.

మన అడవుల్లో సాల చెట్టు అంతగా లేదు. మన దసలికి అన్నం పెట్టేవి మద్ది చెట్లు. వాగు ఒడ్డున తెల్లటి నున్నటి బెరడుతో నిలబడే తెల్లమద్ది, మెట్ట అడవిలో మొసలి చర్మంలా పగుళ్లు పట్టిన నల్లమద్ది. అవి దొరకకపోతే రేగు, చెన్నంగి లాంటివి కూడా తింటుంది. మద్ది చుట్టమైన బాదం చెట్టు మీదా బతకగలదు. మన పట్నాల వీధుల్లో నీడ కోసం పెంచుకునే బాదం అదే.

మన మద్ది అడవులకే పరిమితమైన ఒక సొంత రకం ఉంది. పరిశోధన పత్రాల్లో దాన్ని ‘ఆంధ్ర లోకల్’ అంటారు. ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో పెట్టిన పేరు, రాష్ట్రం విడిపోయాక కూడా అలాగే ఉండిపోయింది. ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం అడవులు దాని పుట్టినిల్లు. ఏడాదికి మూడు తరాలు చూస్తుంది. వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం వాళ్లు దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ రకం ఇప్పుడు తరిగిపోతోంది. కాయలు వేళ తప్పి పగలడం, గుడ్లు తక్కువ కావడం వంటి చిక్కులతో అది రైతుకు గిట్టుబాటు కాలేదు. ఎక్కువ కాయలిచ్చే దాబా గుడ్లు బయటినుంచి వచ్చాయి. రైతును తప్పుపట్టలేను, అతని ఇల్లు గడవాలి. కానీ ఈ నేల ఎండకు, ఈ నేల మద్దికి, ఈ నేల వానకు వేల తరాలుగా అలవాటుపడిన ఒక రకం మన కళ్ల ముందే పోతుంటే దానిమీద ఒక్క గట్టి మాట ఎందుకు వినిపించదు? పులి లెక్క తేలకపోతే అసెంబ్లీలో అడుగుతాం. ఈ పురుగు లెక్క అడిగేవాళ్లు ఎవరు?

దీని చరిత్ర తెలిస్తే ఈ నిర్లక్ష్యం ఇంకా బాధ కలిగిస్తుంది. సింధు నాగరికత తవ్వకాల్లో హరప్పాలోనూ చన్హుదారోలోనూ దొరికిన నగలలో, పూసలలో సన్నటి దారాల ఆనవాళ్లు బయటపడ్డాయి. వాటిని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అవి అడవి పట్టు పురుగుల దారాలని పరిశోధకులు 2009లో ప్రకటించారు. అవి సుమారు క్రీస్తుపూర్వం 2450–2000 మధ్య కాలానివి. పట్టంటే చైనా ఒక్కదానిదే అనుకుంటూ వచ్చిన ప్రపంచం ఆ రోజు తలతిప్పి మన అడవి పురుగుల వైపు చూసింది. మనం చూడలేదు.

పడమటి దేశాలవాళ్లు దీన్ని ఎప్పుడో గుర్తుపట్టారు. 1773లో లండన్‌కు చెందిన డ్రూ డ్రూరీ దీని బొమ్మ వేయించి, వర్ణించి, పేరు పెట్టాడు. మన సామర్లకోటలో ఉంటూ కోరమండల్ తీరం మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, ఆ తర్వాత కలకత్తా వెళ్లి, బెంగాల్‌లో జనం ఈ పురుగును ఎలా పెంచుతారో వివరంగా రాశాడు. అది 1804లో లండన్ లిన్నియన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. ఇంగ్లండ్‌లోని లీక్ పట్టణంలో థామస్ వార్డిల్ అనే అద్దకందారు, రంగు పట్టదని అందరూ వదిలేసిన దసలి దారానికి రంగు ఎక్కించడం కోసం ఏళ్లు పాటుపడి, 1878 పారిస్ ప్రదర్శనలో ఆ బట్టలు పెట్టి మెప్పు పొందాడు. ఇవన్నీ వలస పాలన లెక్కలతో, వ్యాపారం ఆశతో చేసిన పనులే, ఒప్పుకుంటాను. అయినా వాళ్లు ఈ పురుగును చేతిలోకి తీసుకుని పరిశీలనగా చూశారు. దాని విలువ మనకు తెలియజెప్పడానికి సముద్రం అవతలి వాళ్ల పుస్తకాలు వెతుక్కోవాల్సి రావడం నాకు కష్టంగా ఉంది.

ఇప్పుడు మనుషుల సంగతి. పురుగుకు దక్కని పేరు దాన్ని పెంచే మనుషులకూ దక్కలేదు. చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి వైపు దసలి రైతులు వానలు పడగానే గుడ్లు తెచ్చుకుని, పిల్లపురుగులను మద్దిచెట్ల మీదికి ఎక్కిస్తారు. మల్బరీ రైతుకు షెడ్డు ఉంటుంది, తలుపు ఉంటుంది. దసలి రైతుకు చెట్టే షెడ్డు. పక్షి రాకుండా, చీమ ఎక్కకుండా, కందిరీగ దూరకుండా, పొద్దున్నుంచి చీకటి పడేదాకా చెట్ల మధ్య తిరుగుతూ కాపలా కాయాలి. ఊజీ ఈగ పురుగు ఒంటి మీద గుడ్డు పెడితే కాయ లోపలే అంతా పోతుంది. నల్లులాంటి పురుగులు ముక్కు గుచ్చి రసం పీలుస్తాయి. ఒక చెట్టు ఆకు అయిపోతే కొమ్మతో సహా ఇంకో చెట్టుకు మార్చాలి. పెబ్రిన్ అనే జబ్బు తల్లి నుంచి గుడ్డుకు వస్తుంది కనుక, గుడ్లు పెట్టిన ప్రతి తల్లిని నలిపి సూక్ష్మదర్శినిలో చూసి జబ్బు లేని గుడ్లనే ఇవ్వాలి. అది సరిగా జరగని ఏడు రైతు కష్టం మొత్తం నేలపాలే. ఇంత చేసి కాయలు కోశాక, కొనడానికి ఏ రాష్ట్రం నుంచి ఏ వ్యాపారి వస్తాడో, వచ్చి ఎంత అంటాడో అని చూస్తూ కూర్చోవాలి. చాలా కాయలు దారం కాకముందే ఊరు దాటిపోతాయి. భాగల్‌పూర్, చాంపా పేర్లు దుకాణాల్లో వినిపిస్తాయి. ఆ ఊళ్ల నేతగాళ్ల పనితనానికి దండం పెడతాను. కానీ ఈ కాయ ఏ మద్దిచెట్టు మీద పుట్టిందో చెప్పే చీటీ ఆ చీరకు ఉండదు.

మహదేవపూర్ మాట చెప్పకుండా ఎలా? గోదావరి పక్కన, కాళేశ్వరం దారిలో ఉన్న ఆ ఊళ్లో దసలి చీరలు నేసే మగ్గాలున్నాయి. తేనె రంగు మెరుపుతో, చేతికి కాస్త గరుకుగా, వేసవిలో చల్లగా ఉండే బట్ట అది. ఆ దారానికి మల్బరీ మిలమిల ఉండదు. లోలోపల నుంచి వచ్చే ఒక నిండైన కాంతి ఉంటుంది, కట్టే కొద్దీ అది ఇంకా నిగ్గుదేరుతుంది. మహదేవపూర్ పేరు ఈ మధ్య దేశమంతా వినిపించింది. ఎందుకు? 2019లో ప్రారంభమై, 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగిన మేడిగడ్డ బ్యారేజీ ఆ మండలంలోనిదే కాబట్టి. టీవీ బండ్లు వరుసకట్టాయి. ఆ రోడ్డు మీదే ఉన్న మగ్గం దగ్గర ఎన్ని బండ్లు ఆగి ఉంటాయి?

దారం తీసే ఆడవాళ్ల గురించి తలుచుకుంటే గొంతు పట్టుకుంటుంది. ఉడికించిన కాయల నుంచి కొన్ని పోగులు కలిపి, ఉత్త తొడ మీద అరచేత్తో పేనుతూ దారం తీయడం దసలి ప్రాంతాలన్నింటా పాత పద్ధతి. చర్మం ఒరిసిపోతుంది, నడుం పట్టేస్తుంది. ఆ బాధ తప్పించడానికి కేంద్ర పట్టు మండలి ‘బునియాద్’ అనే చిన్న యంత్రాలను పంచింది. మంచి పని. దేశంలో దసలి దారం తీసే ప్రతి ఇంటికీ అది అందిందని అనుకోగలిగిన రోజున నాకు తృప్తి.

ఒకటి దాచకుండా చెప్పాలి. దారం తెగకుండా రావాలంటే పురుగు బయటికి రాకముందే కాయను ఎండలోనో ఆవిరిలోనో ఉంచుతారు. లోపలి జీవి చచ్చిపోతుంది. కొన్ని చోట్ల ఆదివాసీలు దాన్ని పారేయకుండా వండుకు తింటారు. ఇంత ప్రేమగా మాట్లాడుతూ దాన్ని చంపే పట్టును పొగుడుతావా అని ఎవరైనా అడిగితే, అడగవలసిన ప్రశ్నే. పురుగు తనంతట తాను పగలగొట్టుకుని వెళ్లిన కాయల నుంచి కూడా నూలులా వడికి దారం తీయవచ్చు, ఆ బట్టకు ఒక ప్రత్యేకమైన ముతక అందం ఉంటుంది, దానికి మంచి ధర పలకాలి. ఇంకో నిజం కూడా ఉంది. కాయ అమ్ముకునే రైతుకు మద్దిచెట్టు బతికి ఉండాలి. మద్ది నిలిచి ఉంటేనే అడవిలోని దసలి కూడా బతుకుతుంది. గుండెజబ్బు మందు పేరుతో తెల్లమద్ది బెరడు నిలువునా ఒలిచేస్తుంటే, పోడుకో రోడ్డుకో నల్లమద్ది కొట్టేస్తుంటే, ఏ పురుగునూ ఎవరూ చంపనక్కర్లేదు.

2022–23లో మన దేశంలో 36,582 టన్నుల ముడిపట్టు తయారైతే, అందులో దసలి 1,318 టన్నులు. నూటికి నాలుగు పాళ్లు కూడా కాదు. ఈ అంకె చూపించి, ఇంత చిన్నదానికి ఇంత గొడవెందుకు అనేవాళ్లున్నారు. అస్సాం ముగా పట్టు అదే ఏడు 261 టన్నులు. అస్సాం ప్రజలు దాన్ని తమ గౌరవంగా చెప్పుకుంటారు, భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు, బిహు పండగకు కట్టుకుంటారు. ముగా, దసలి ఒకే ప్రజాతి పురుగులు, అక్కచెల్లెళ్లు. ఒకదానికి అంత మన్నన, రెండోదానికి ఇంత మరుపు. తూకానికి దీనితో పనిలేదు. సొంతమని చెప్పుకునే మనసు వాళ్లకుంది, మనకు లేకపోయింది.

నేను అడుగుతున్నవి మోయలేనంత బరువైనవి కావు. బస్తర్‌లో రైలీ కోసం, ఎంచిన కాయలను అడవిలోనే వేలాడదీసి, పురుగులను అక్కడే ఎగరనిచ్చి, అక్కడే జతకట్టనిచ్చే శిబిరాలు నడిపారు. ఆంధ్ర లోకల్ కోసం మంచిర్యాల, భూపాలపల్లి మద్ది అడవుల్లో అలాంటి చోట్లు కొన్ని కేటాయించవచ్చు. అక్కడ బయటి రకం గుడ్లు వదలకుండా చూడవచ్చు. రాంచీలో 1964 నుంచి కేంద్ర దసలి పరిశోధన సంస్థ పనిచేస్తోంది, తెలిసినవాళ్లు లేరనే సాకు చెల్లదు. తెలంగాణ తన రాష్ట్ర చిహ్నాలుగా పాలపిట్టను, జింకను, జమ్మిని, తంగేడును ఎంచుకుంది. మహారాష్ట్ర 2015లో ఒక సీతాకోకచిలుకను కూడా ఆ వరుసలో చేర్చింది. మన వరుసలో దసలికి చోటివ్వడానికి కావలసింది ఒక నిర్ణయమే. పట్టు పాఠంలో మల్బరీ పురుగు పక్కన దసలి బొమ్మ కూడా వేయండి, మద్ది ఆకుతో సహా. అడవి జిల్లాల బడిపిల్లలకు ఒక కాయ చేతికిచ్చి, దాని కాడను, ఆ ఉంగరాన్ని చూపించండి. చీర అమ్మే దుకాణాల్లో కాయ ఎక్కడిదో, దారం ఎవరు తీశారో, ఎవరు నేశారో చీటీ మీద తెలుగులో రాయండి. చీర కొనే అక్కాచెల్లెళ్లు దుకాణంలో ఒక్క ప్రశ్న అడగండి, ‘ఈ దసలి ఏ అడవిదమ్మా?’ అని. పదిమంది అడిగితే పదకొండో రోజు దుకాణదారే తెలుసుకుని చెబుతాడు. ఈ తొలకరికి మీ వీధి దీపం కింద నాలుగు కిటికీల రెక్కలు కనిపిస్తే, ఆ కాసేపు దీపం ఆర్పేసి, దాన్ని ఒక కాగితం మీదికి ఎక్కించుకుని దగ్గర్లోని చెట్టు కొమ్మకు చేర్చండి. ఫొటో తీస్తే తీయండి, పంపితే పంపండి. కింద మాత్రం దాని పేరు రాయండి: దసలి, మన మద్ది అడవి పురుగు.